ఏడు గ్లాసుల నుంచి సున్నాకి

జూన్ మొదటి వానలు పడ్డాక నర్సరీ నుంచి కాఫీ మొక్కలు కొండల మీది ఊళ్ళకు వెళతాయి. అనంతగిరి దారిలో ఉన్న మా నర్సరీ పదకొండు కుటుంబాలు కలిసి పెట్టుకున్నది. చూసుకునేది నేను. చదివింది ఏడో తరగతి వరకే. లెక్కలు మాత్రం మొక్కలు లెక్కపెట్టీ పెట్టీ నాకు నేనే నేర్చుకున్నాను. ఏ వరసలో ఎన్ని మొక్కల సంచులు, ఏ వరస ఎవరు నాటారు, ఎన్ని చచ్చాయి, అన్నీ పుస్తకంలో రాసుకుంటాను.

రెండేళ్ళ కిందట మొక్కలు పంచే మొదటి రోజే, కొండ మీది ఊరి నుంచి వచ్చి మాతోపాటు పనిచేసే అప్ప తన వాటా మొక్కలు తీసుకుపోవడానికి వచ్చింది. నాకంటే పదేళ్ళు పెద్దది, అందుకే అప్ప అంటాను. ఆమెకు ఒక ఎకరం కొండవాలు నేల ఉంది. రాగులు తీసేసి కాఫీ పెడదామని అప్పటికి రెండేళ్ళుగా అనుకుంటోంది. సంచి ఎత్తుతుంటే అడుగు చిరిగి మట్టి రాలింది. ఆమె సంచిని వెలుతురుకు పట్టి చూసింది.

"ఇదేటి తమ్ముడూ, వేరు ఇలా పైకి తిరిగిపోనాది?"

తల్లివేరు నిజంగానే చేపల గాలంలా వంగి ఉంది. కాఫీ తెలిసినవాళ్ళకు అంతకంటే చెడ్డ విషయం లేదు. గింజ మొలిచి, పై పొట్టును టోపీలా నెత్తిన పెట్టుకుని నిలబడ్డప్పుడు ఆ లేత మొక్కను తీసి సంచిలో నాటుతాం. చెక్కిన వెదురు పుల్లతో మట్టిలో గుంట చేసి, వేరు గోడకు తగలకుండా నిటారుగా దించాలి. తగిలిందా, కొస పైకి మడతపడుతుంది. పైనుంచి చూస్తే ఏమీ తెలియదు, మొక్క పచ్చగానే పెరుగుతుంది. మూడు నాలుగేళ్ళు పోయాక, కాపు మొదలయ్యే వేళకు, ఒక ఎండాకాలంలో పసుపెక్కి పడిపోతుంది. అన్నేళ్ళూ కలుపు తీసినవాళ్ళ కష్టం దాంతోపాటే పోతుంది.

ఆ వరస ఎవరిదో పుస్తకం తీసి చూశాను. నాదే. నా వరసల్లో అక్కడొకటి ఇక్కడొకటి పది సంచులు కోసి చూశాం. మూడింట్లో వేరు వంగింది. అప్ప నాటిన వరసల్లో పది కోశాం. ఒక్కటీ లేదు.

అప్ప నా ముఖం చూడలేదు, చెయ్యి చూసింది. "నీ సెయ్యి వొణుకుతంది. నాను నిరుడే సూసినాను. సెప్తే ఏటనుకుంటావో అని సెప్పనేదు."

నా ఆరు వరసలు, పన్నెండు వందల మొక్కలు, పక్కన పెట్టేశాం. మిగిలినవి అందరికీ పంచేసరికి అప్పకు సగం వాలుకే వచ్చాయి. తన మొక్కలు కట్టుకుంటూ అంది: "మిగతా సగం వొచ్చే ఏడు. నీ సెయ్యి అప్పటికీ ఇలాగే ఉంటే నువ్వు నీళ్ళు పొయ్యి, పుస్తకం రాసుకో. నాటడం ఇంకెవులైనా సేత్తారు."

కోపంగా అనలేదు. అదే నాకు ఎక్కువ గుచ్చుకుంది. పద్దెనిమిదేళ్ళుగా అందరికీ వేరు నిటారుగా దించమని చెప్పేవాణ్ణి నేనే.

డాక్టరు దగ్గరికి వెళ్ళాను. రక్తం పరీక్ష చేయించారు, జబ్బేమీ లేదన్నారు. "కాఫీ ఎన్నిసార్లు తాగుతారు?" అని అడిగారు. నర్సరీలో సంచులెన్నో, ఇంటి నుంచి గేటు దాకా అడుగులెన్నో చెప్పగలను, ఇది మాత్రం ఎప్పుడూ లెక్కపెట్టలేదు. మర్నాడు లెక్కపెట్టాను. ఏడు గ్లాసులు.

పదిహేను రోజులకు ఒక గ్లాసు చొప్పున తగ్గించాలని అనుకున్నాను. ఒక్కసారిగా మానేస్తే తలనొప్పితో పడుకుంటారని డాక్టరు ముందే చెప్పారు. చెయ్యి కుదుటపడుతోందా లేదా అని తెలియడానికి ఒక పరీక్ష పెట్టుకున్నాను. ఇరుకు మూతి ఉన్న ఖాళీ సీసా ఒకటి బల్ల మీద పెట్టి, జానెడు ఎత్తు నుంచి యాభై ఉలవలు ఒక్కొక్కటే వదలడం, బయట పడ్డవి రాసుకోవడం. మొదటి రోజు పదకొండు బయట పడ్డాయి.

ఆగస్టు చివరికి నాలుగు గ్లాసులకు దిగాను. తలనొప్పి రాలేదు, నిద్ర కూడా మారలేదు. నాకు పట్టుదల ఎక్కువేనని లోలోపల మురిసిపోయాను. ఉలవలు వేస్తే మళ్ళీ పదకొండే.

లెక్క ఎక్కడో తప్పింది. మొక్కలకు వేసే గుళికల మందు కొలిచినట్టు ఆలోచించి, దగ్గు మందు సీసా మూతతో నేను తాగే గ్లాసులోకి నీళ్ళు పోసి కొలిచాను. పదహారు మూతలు పట్టింది. మూల పడి ఉన్న పాత గ్లాసు కొలిచాను. తొమ్మిది. వంటింట్లోకి వెళ్ళి, గ్లాసు మార్చావా అని నా భార్యను అడిగాను.

"మార్సినాను. అయితే ఏటి?" అంది, పప్పు కలుపుతూనే. "ఏడు తాగీవోడివి, ఖాళీ గ్లాసు పట్టుకుని గుమ్మంలో ఉసూరుమని కూకుంటే నాను సూడలేకపోనాను. తాగీ నాలుగైనా నిండుగా తాగుతావని."

ఏడు తొమ్మిదులు అరవై మూడు. నాలుగు పదహార్లు అరవై నాలుగు. రెండు నెలలు కష్టపడి ఒక మూత పెంచాను. అది చెబితే ఆమె గరిటె వదిలేసి నవ్వింది. "పుస్తకంలో రాసుకో మరి!"

ఆ రోజు నుంచి గ్లాసులు కాదు, మూతలు లెక్క. వారానికి రెండు మూతలు తగ్గించాలి. కొలిచే పని నాదే, ఆమెకు ఇవ్వలేదు. అక్టోబరులో అసలు బాధ మొదలైంది. సాయంత్రం నాలుగయ్యేసరికి కణతలు లాగేవి, కళ్ళు మూతలు పడేవి. ఊరికే విసుక్కునేవాణ్ణి. డిసెంబరులో తెల్లారి మంచు దిగి చేతులు కొంకర్లు పోయేటప్పుడు వేడి గ్లాసు పట్టుకోకపోవడమే తాగకపోవడం కంటే కష్టంగా ఉండేది. శృంగవరపుకోటలో మా వాళ్ళ పెళ్ళికి వెళితే మేనత్త గ్లాసు చేతిలో పెట్టి, "కాపీ ఒద్దంటే ఏటి, మా మీద కోపమా?" అని నిలబడింది. మూడిళ్ళలో మూడు తాగాను. ఆ వారం తగ్గించినట్టు రాయలేదు, అంతకు ముందు వారం అంకెతోనే నడిచాను. ఆ వెనకబడ్డ వారాన్ని తర్వాత వారం నాలుగు మూతలు తగ్గించి సరిచేశాను.

అప్పకు ఈ గొడవంతా వింత. మధ్యాహ్నం తను అన్నం మూట పక్కన పెట్టుకుని చోడి అంబలి, అదే రాగి జావ, తాగుతుంటే నేను పక్కన తల పట్టుకుని కూర్చునేవాణ్ణి.

"మేం పండిత్తాం, మీరు తాగుతారు. తాగలేక మల్లీ మీరే ఏడుత్తారు," అంది ఒకరోజు. "ఇది తాగు. తలపోటు దిగుతాది." గిన్నె జరిపింది. పోటు దిగలేదు కాని, కడుపు నిండి నిద్ర మాత్రం ఆపుకోలేకపోయాను. సంచుల మధ్యే పడుకున్నానని వారం రోజులు అందరికీ చెప్పి నవ్వింది.

ఫిబ్రవరి మధ్యకు, గింజలు టోపీలు పెట్టుకుని లేచే వేళకు, రోజుకు పదహారు మూతలకు వచ్చాను. ఉలవలు రెండే బయట పడ్డాయి. అయినా మొదటి వరస నాటేటప్పుడు ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకునే ఉన్నాను. ఇదివరకు గంటకు అరవై సంచులు నాటేవాణ్ణి, ఆ ఏడు ముప్పై అయిదు. అప్ప పక్క వరసలో తన పని తను చేసుకుపోయింది. అప్ప వాటాకు రావలసిన వరసలు నేనే నాటాను. ఆ సంగతి ఆమెకు చెప్పాను కూడా.

తర్వాత తగ్గించడం ఆపలేదు. చివరి వారం రెండు మూతలే మిగిలాయి. నా భార్య ఆ చిన్న గుక్కను చూసి, "ఇది కాపీయా, మందా? పడేసి పోవయ్యా," అంది. పడెయ్యలేదు, వారమంతా తాగాను. ఏప్రిల్ మధ్యకు సున్నా.

నిరుడు జూన్‌లో అప్ప వచ్చింది. వెంట కూతురు, రెండు బుట్టలు. కత్తి తనే తెచ్చుకుంది. నేను వరసలు చూపించాను. నన్ను తియ్యనివ్వలేదు. తనకు నచ్చినచోట, ఒకటి మధ్యలోంచి, ఒకటి చివర్నుంచి, పది సంచులు ఏరి నేల మీద పెట్టింది. ఒక్కొక్కటీ కోసి, మట్టి విదిల్చి, వేరును వేళ్ళ మధ్య జార్చి చూసింది. నేను నిలబడే ఉన్నాను, మనసులో లెక్క నడుస్తూనే ఉంది. ఆరు వరకూ నిటారుగా ఉన్నాయి. ఏడోదాని కొస వంగింది. ఎక్కువ కాదు, గోరంత. మిగతా మూడూ నిటారు.

అప్ప ఏడోదాన్ని మళ్ళీ తీసి వెలుతురుకు పట్టింది. పదికి ఒకటి అంటే వందకు పది. అంత నష్టం ఆమెకు అంటగట్టకూడదని నేనే అనబోయాను.

"మొన్న నాటినప్పుడు సలికి నానూ ఒకటో రెండో వంచినాను," అంది, అడగకుండానే. "నా వరసలు కొయ్యనేదు కాబట్టి ఎవులికీ తెలీనేదు." ఆ మొక్కను గట్టు మీదికి విసిరింది. నా వైపు తిరిగి, "పదికి ఒకటి ఎక్కువ నాటుకుంటాను. పడిపోయినకాడ అది ఉంటాది. నిలబడిపోనావేటి, బేగి ఎత్తు, వాన ఒచ్చేత్తంది," అంది.

బుట్ట ఎత్తి ఆమె నెత్తిన పెట్టాను. ఇంకో బుట్ట కూతురికి. మిగిలినవి నేను మోసుకుని అప్ప వాలు దాకా వాళ్ళ వెనకే ఎక్కాను.