ఖాళీ సీసాలో సీసం

ఆ లాబొరేటరీలో ఆయన తలపండిన మనిషని పేరు. పండిన మాట నిజమే. అది ఎవరి కంటా పడకూడదన్నదే ఆయన పట్టుదల. యాభై మూడేళ్ళ వయసులో నిగనిగలాడే నల్లజుట్టుతో తిరిగేవాడు. అందుకోసం వారానికి మూడుసార్లు బాత్రూం తలుపు గడియపెట్టుకుని, డబ్బా మీద ఆకుల బొమ్మ ఉన్న ఒక నూనె రాసుకునేవాడు. ఇరవై తొమ్మిదేళ్ళు కెమిస్టుగా వెలగబెట్టి, ఆ డబ్బా వెనక ఏం రాసి ఉందో ఒక్కసారీ చదవని మహానుభావుణ్ణి తనేనని ఇప్పుడు ఆయనే అందరికీ చెప్పుకుంటాడు.

ఆయన పని చెత్తకు పరీక్ష పెట్టడం. ఫ్యాక్టరీల నుంచి బూడిద, బురద, పాత పెయింటు పెచ్చులు వస్తాయి. వాటిని గోతిలో పూడిస్తే, వానకు నాని విషం నేలలోకి దిగుతుందా లేదా అన్నది తేల్చాలి. నూరు గ్రాముల చెత్త తూచి, రెండు లీటర్ల పుల్లనీళ్ళలో వేసి, సీసాకు మూత బిగించి, మెషీన్‌కి కట్టి పద్దెనిమిది గంటలు పల్టీలు కొట్టిస్తాడు. ఆ తరువాత నీళ్ళు వడగట్టి సీసం ఎంత దిగిందో కొలుస్తాడు. లీటరుకు అయిదు మిల్లీగ్రాములు దాటితే అది ప్రమాదకరమైన చెత్త, మామూలు గోతికి పనికిరాదు. ఆ పుల్లనీళ్ళది వెనిగర్ వాసన. ఆయన ఒళ్ళంతా అదే. బస్సులో పక్క సీటు ఎప్పుడూ ఖాళీగా ఉండటం ఈ ఉద్యోగం వల్ల కలిగిన ఏకైక సుఖమంటాడు.

ప్రతి విడతలోనూ ఒక సీసాలో చెత్త వెయ్యరు. ఉత్త పుల్లనీళ్ళే. దాన్ని బ్లాంక్ అంటారు. మిగతా సీసాలతో పాటు అదీ పల్టీలు కొడుతుంది, దాన్నీ వడగడతారు. అందులో సున్నా రావాలి. రాలేదంటే మురికి చెత్తది కాదు, లాబొరేటరీది. ఆ విడత ఫలితాలన్నీ పారెయ్యాల్సిందే.

ఒక సోమవారం బ్లాంక్‌లో సీసం కనిపించింది. గురువారం మళ్ళీ కనిపించింది. ఆయన చూపు నేరుగా సీసాలు కడిగే ఆవిడ మీదికి పోయింది. ఆవిడ పదకొండేళ్ళుగా అక్కడే ఉంది. ఒక్కో సీసానీ యాసిడ్‌తో ఒకసారి, మంచి నీళ్ళతో మూడుసార్లు కడుగుతుంది. ఆయన సీసాను వెలుతురుకెత్తి చూసి, "మళ్ళీ కడుగమ్మా," అన్నాడు.

"నేను కడిగాక సీసాలో సీసం ఎక్కణ్ణుంచి వస్తుంది సార్?"

"సీసాలోంచే వస్తుంది. పేరులోనే ఉందిగా," అని తన చమత్కారానికి తనే మురిసిపోయాడు. తరువాత గ్లవ్స్ తొడుక్కుని, అలమర గాజు తలుపులో మొహం చూసుకుని, పాపిడి సవరించుకుని, వడపోత కాగితం చేతిలోకి తీసుకున్నాడు. రోజూ ఇదే వరస. శుభ్రత విషయంలో మహా పట్టింపు ఉన్న మనిషి.

మూడు వారాలు గడిచాయి. యాసిడ్ మార్చారు, నీళ్ళు మార్చారు, కాగితాలు మార్చారు. సీసం మాత్రం వస్తూనే ఉంది. మేనేజరు విసిగిపోయి, "శుక్రవారంతో ఆవిణ్ణి మానిపించేద్దాం. కడగడం సరిగా లేదని మీరో ముక్క రాసివ్వండి," అన్నాడు. కొత్త పని వెతుక్కునే వయసు కాదు ఆవిడది. ఆ సంగతి ఆయనకు తెలుసు. తెలిసే, రాయాల్సిన కాగితం జేబులో పెట్టుకుని ఇంటికెళ్ళాడు.

ఇంట్లో భార్య దిండు గలేబులు మారుస్తోంది. "ఏమండీ, ఇది పారేస్తున్నాను. ఎన్నిసార్లు ఉతికినా మీ రంగు వదలడం లేదు."

"నా రంగేమిటి?"

"అదే, ఆ ఆకుల నూనె. అటక మీద పాత బూట్లలో దాచారుగా."

పధ్నాలుగేళ్ళ రహస్యం బూట్లతో సహా బయటపడింది. "తెలిసి కూడా చెప్పలేదేం?"

"అంత కష్టపడి దాచుకుంటుంటే అడగడానికి మనసొప్పలేదు."

ఆయన డబ్బా దించి, వయసు బయటపెడుతుందని ఎన్నడూ పెట్టుకోని కళ్ళజోడు పెట్టుకుని, వెనకవైపు చదివాడు. నాలుగో పేరు లెడ్ అసిటేట్. అంటే సీసం. చెయ్యి దానంతటదే పాపిడి దగ్గరికి వెళ్ళబోయి మధ్యలో ఆగిపోయింది.

గురువారం ఆ గలేబును ముక్కలు కత్తిరించి సీసాలో వేశాడు. పక్కన ఎప్పటిలాగే బ్లాంక్ పెట్టాడు. శుక్రవారం తలకు గుడ్డ టోపీ బిగించుకుని రెండూ వడగట్టాడు. బ్లాంక్‌లో సున్నా. గలేబులో ఆరు పాయింట్ రెండు. ఇన్నేళ్ళూ ఆ చెత్త పక్కనే తలపెట్టి పడుకున్న భార్య గుర్తొచ్చింది. భయం వేసింది.

ఇంకో ఆలోచన కూడా వచ్చింది. నూనె మానేసి, టోపీ పెట్టుకుని, నోరు మూసుకుంటే చాలు. ఆవిడ వెళ్ళాక బ్లాంక్ బాగుపడిందనే అందరూ అనుకుంటారు. ఆ ఆలోచనకు సిగ్గుపడ్డాడు. సిగ్గుపడుతూనే భోజనాల వేళ దాకా దాన్ని వదల్లేదు.

మధ్యాహ్నం మేనేజరు గదిలోకి ఆవిణ్ణి పిలిచారు. ఆవిడ చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడింది. ఆయన లోపలికి వెళ్ళి, రాయమన్న కాగితానికి బదులు రిజిస్టరు బల్లమీద పెట్టాడు. మేనేజరు పైకి చదివాడు.

"నమూనా, దిండు గలేబు. ఫలితం, ప్రమాదకరం. సీసం వచ్చిన చోటు..." అక్కడ ఆగాడు. "నా తల?"

"నా తలే. పొద్దస్తమానం సవరించుకుంటూ ఆ చేత్తోనే వడపోత కాగితం పట్టుకున్నాను. రంగు వేసుకుంటాను."

మేనేజరు కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. "అంటే రూలు ప్రకారం మిమ్మల్ని మామూలు గోతిలో పూడ్చడానికి లేదన్నమాట!" బరువు దిగిపోయిందనుకుని ఆయన కూడా నవ్వాడు.

ఆవిడ నవ్వలేదు. చేతులు ముందుకు చాపింది. యాసిడ్‌కి వేళ్ళ సందులన్నీ ఎర్రగా పగిలి ఉన్నాయి.

"మూడుసార్లు కడగాల్సినవి ఆరుసార్లు కడిగాను సార్. నా చేతుల మీద నాకే నమ్మకం పోయింది. ఇంట్లో గిన్నెలు కూడా రెండోసారి తోముతున్నాను."

ఆయన క్షమించమన్నాడు. ఆ మాట తన చెవికే చాలా చిన్నగా వినబడింది.

గదిలోంచి వచ్చి తిన్నగా సింకు దగ్గరికి వెళ్ళాడు. ఆవిణ్ణి స్టూలు మీద కూర్చోమని, చొక్కా చేతులు మడిచి, బ్రష్ అందుకుని మొదటి సీసా కడిగాడు. చేతులు తుడుచుకుని సీసా ఆవిడకిచ్చాడు. ఆవిడ దాన్ని వెలుతురుకెత్తి, అటూ ఇటూ తిప్పి, చాలాసేపు చూసింది.

"మళ్ళీ కడగండి సార్," అంది.

ఆయన కడిగాడు.