పొర్లితేనే కొనేది అత్త

పక్కింటి అత్త పోయిందన్న కబురు ఆదివారం ప్రార్థన ముగించుకుని చర్చి గేటు దాటుతుండగా తెలిసింది. నిద్రలోనే ప్రాణం పోయిందట. అందరూ అత్త మంచితనం గురించి మాట్లాడుతుంటే నాకు మాత్రం మామ గుర్తొచ్చాడు. ఇక ఆయనకు ఎవరు పోస్తారు? ఆ దిగులు అర్థం కావాలంటే అత్త జపాను సీసాల సంగతి చెప్పాలి.

మా ఊరి బంగారు గనులు మూసేశాక మా కార్మికుల ఇళ్ల లైన్లలో చాలామంది మగవాళ్లకు పొద్దు గడిచేది కాదు. మామ తాగుడు పట్టుకున్నాడు. అత్త వేమగల్ ఫ్యాక్టరీ క్యాంటీన్లో పనికి కుదిరి ఇల్లు నడిపింది. అక్కడ బస్సు ఆగే చోట పాత సామాన్లు అమ్మే గుజిరీ అంగడి ఒకటి ఉంది. ఆ ఫ్యాక్టరీలో పనిచేసే జపాను ఇంజనీర్లు తమ దేశానికి తిరిగి వెళ్తూ వదిలేసిన సామాన్లు అందులోకి చేరేవి. ఓసారి అత్త నీలి పూల పింగాణీ సీసా, దానికి జతగా బుల్లి కప్పులు కొని తెచ్చింది. సీసాలో తలనూనె పోసుకుందామని ఆవిడ ఆలోచన.

ఆ ఇంజనీర్ల కారు నడిపే డ్రైవరు విని నవ్వాడట. "నూనెకు కాదక్కా, అది వాళ్లు సారా తాగే సెట్టు. ఒకరికొకరు పోసుకుంటారు గానీ, ఎవరికి వాళ్లు పోసుకోరు."

ఇంకొకరైతే ఆ సెట్టు పారేసి చేతులు కడుక్కునేవారు. అత్త దాన్ని తెచ్చి మామ ముందు పెట్టింది. నేను అక్కడే ఉన్నాను.

"ఇంగ నీకు నువ్వు పోసుకోగూడదు. నేను పోస్తా. దినానికి ఈ సీసా అయిపోతే అంతే."

మామ తమాషా అనుకున్నాడు. అసలు సారా సీసా ట్రంకుపెట్టెలోకి, తాళంచెవి అత్త కొంగుకు చేరాక నవ్వడం మానేశాడు. బయట తాగి వచ్చిన రోజు అన్నం పెట్టేది గానీ పలకరించేది కాదు. పలకరింపు లేని అన్నం ఆయనకు దిగేది కాదు.

ఆ తర్వాత గుజిరీ అంగడికి వెళ్లడం అత్తకు వ్రతమైపోయింది. ఇంట్లో వాడుతున్న సీసాను తువ్వాలులో చుట్టి టిఫిను సంచిలో పెట్టుకునేది. అంగట్లో దాన్నిండా నీళ్లు పట్టి కొత్తదాంట్లోకి వంచేది. నీళ్లు పొర్లితేనే కొనేది.

"ఇది పెద్దదమ్మా, అందంగా ఉండాది, తీసుకో," అనేవాడు అంగడాయన.

"అందం నాకేమిటికప్పా? దీనికంటే చిన్నది వస్తే ఎత్తిపెట్టు."

పాత సెట్లు అమ్మేది కాదు. పెద్దదాని నుంచి చిన్నదాని దాకా గూట్లో వరసగా పెట్టింది. "యాడి నుంచి వచ్చినామో కండ్ల ముందర ఉండాల," అనేది.

చర్చి ఆడవాళ్లు ముక్కున వేలేసుకున్నారు, ప్రార్థన చేసుకునే ఇంట్లో సారా గిన్నెలేమిటని. అత్త ఏమాత్రం తగ్గలేదు. "సారా ఎప్పుడో వచ్చి కూర్చోనుండాది. గిన్నెలు ఇప్పుడే వచ్చినాయి."

ఒకసారి మామ ఎట్లాగో తాళం తీసి గ్లాసు నిండా పోసుకున్నాడు. అత్త మర్నాడు వేమగల్ నుంచి ఇంకా చిన్న సీసా తెచ్చింది. చివరికి వచ్చింది పిల్లల జ్వరం మందు సీసా అంత ఉంటుంది. అది గూట్లోకి చేరేసరికి మామ మళ్లీ పెరట్లో మునగచెట్టుకు పాదు చేస్తున్నాడు. అత్తంత మొండి మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు. ఆవిడంటే నాకు ప్రాణం.

సమాధి చేసి వచ్చిన సాయంత్రం చుట్టాల్లో ఒకాయన సీసా తెచ్చి మామకు స్టీలు గ్లాసులో పోశాడు. "కొంచెం పుచ్చుకో అన్నా, గుండె కుదుటపడతాది." మామ గ్లాసును పక్కకు జరిపాడు. లేచి గూటి దగ్గరికి వెళ్లి చిట్టచివరి సీసా, కప్పు తీసుకొచ్చాడు.

చుట్టం పోయబోతే మామ కప్పు మీద అరచెయ్యి మూశాడు. "నాకు పోసేది ఆమె. ఇంగెవురూ పోయగూడదు. నేనూ పోసుకోను."

పెరట్లోకి తీసుకెళ్లి రెండూ కడిగాడు. అత్త రోజూ తన కొంగుతో తుడిచినట్టే తన పంచె అంచుతో తుడిచాడు. నిన్న వెళ్లి చూశాను. గూట్లో వరస చివర ఆ కప్పు బోర్లించి ఉంది.