బ్రేకులు కుదిరేదాకా

మా బావగారు, అంటే మా ఆయనకు అన్నగారు, కొత్త వస్తువును చచ్చినా నమ్మరు. ఏదైనా ముందు కుదురుకోవాలంటారు. కొత్త చెప్పులను ఇంట్లో గదుల మధ్య తిప్పి తిప్పిగానీ వీధి మొహం చూపించరు. కొత్త ఫ్యానును ఎండాకాలమంతా ఒకటో నంబరు మీదే తిరగనిచ్చారు. ఇంటికి కొత్త అల్లుడు వస్తే, "అతణ్ణి ఎవరూ గట్టిగా ఏమీ అడక్కండి, ముందు కుదురుకోనివ్వండి" అని అందరినీ పక్కకు పిలిచి చెప్పారు.

ఇక కారుకి కొత్త టైర్లో బ్రేకులో వేశారంటే దాన్ని బాలింతను చూసుకున్నట్టే చూసుకుంటారు. కొత్త టైరు మీద జిడ్డు ఉంటుందట, అది పోయేదాకా రోడ్డును సరిగా పట్టదట. బ్రేకులను మెల్లగా నొక్కి వదులుతూ, మధ్యలో చల్లారనిస్తూ అలవాటు చేయాలట. నిజమే కావచ్చు. కొత్త పెనానికి నూనె పట్టించే మనకు అది వింతేమీ కాదు. కానీ ఈయన వీధి చివర కుక్క కనబడితే వీధి మొదట్లోనే బ్రేకు నొక్కుతారు. సైకిళ్లు మమ్మల్ని దాటిపోయేవి.

ఒకసారి మా తోటికోడలిని, అదే అక్కయ్యను, రైలెక్కించడానికి బయల్దేరారు. స్టేషను చేరేసరికి రైలు తోక కనిపిస్తోంది.

"చూశావా, ఎంత మెత్తగా ఆగిందో," అన్నారు బావగారు మురిసిపోతూ.

"ఆ రైలుక్కూడా మీరే కొత్త బ్రేకులు వేయించి ఉంటే అందుకునేవాళ్లం," అంది అక్కయ్య.

మా ఆయన పోయాక మా కారు షెడ్డులో దుమ్ము కొట్టుకుపోయింది. నాకు నడపడం నేర్పింది ఆయనే. ఆ పక్క సీటు ఖాళీగా చూస్తూ నడపడం నా వల్ల కాలేదు. అమ్మెయ్యమన్నారు అందరూ. సరేనన్నాను. కొనేవాడు వచ్చి చుట్టూ తిరిగి చూసుకున్నాడు కూడా. బావగారు అడ్డం పడ్డారు.

"నిన్ననే టైర్లు, బ్రేకులు కొత్తవి వేయించాను. అవి కుదిరేదాకా ఈ బండి అమ్మకూడదు."

"నేను కుదుర్చుకుంటా లెండి," అన్నాడతను.

"బ్రేకు మీద నీది బరువు కాలు బాబూ. చూస్తేనే తెలుస్తోంది," అని అతణ్ణి గేటు దాటించి, నా వైపు తిరిగారు. "నాదీ బరువు కాలేనమ్మా. నీలాంటి తేలిక కాలు కావాలి. కుదిరాక అమ్మేద్దువుగాని, రా."

గోదాముల వెనక రోడ్డు ఖాళీగా ఉంటుంది. ఆయన పక్కన కూర్చుని, "వేగం పెంచు. ఇప్పుడు మెల్లగా నొక్కు. ఆపకు, వదిలెయ్," అనేవారు. నేను స్టీరింగును బిగించి పట్టుకుంటే బ్రేకులు చల్లారాలంటూ బండి పక్కకు ఆపించి, వాళ్ల తమ్ముడు చిన్నప్పుడు చేసిన అల్లరి చెప్పేవారు. నేను నవ్వాక, "ఆఁ, చల్లారాయి, పద," అనేవారు.

"కుదిరాయా బావగారూ?"

"ఎక్కడమ్మా, ఇంకా బిగువుగానే ఉన్నాయి."

అలా వారాలు గడిచాయి. ఓ రోజు ఈ మాటే అక్కయ్య చెవిన పడింది.

"ఇంకా ఏం కుదరాలి? నిన్న మందుల షాపు మూసేస్తారని నన్ను ఆ బండిలోనే తీసుకెళ్లారు. ఆ జోరుకి నా పై ప్రాణాలు పైనే పోయాయి. షాపు ముందు గీత గీసినట్టు ఆపారు."

బావగారు గోడ మీది క్యాలెండరును శ్రద్ధగా చూడసాగారు.

"మరి నాతో కుదరలేదన్నారేంటి బావగారూ?"

"కుదిరాయంటే అమ్మేస్తావుగా," అని గొణిగారు.

నేను తాళాలు తీసుకున్నాను. ఆయన నా వెనకే వచ్చి పక్క తలుపు తెరవబోయారు.

"మీరుండండి. కూరగాయలకు నేనొక్కదాన్నే వెళ్లొస్తాను. బండి అమ్మడం లేదు."

గేటు దాటాక అద్దంలోకి చూశాను. నేను మలుపు దగ్గరికి వస్తున్నకొద్దీ, బావగారు గేటు దగ్గర నిలబడి కుడి పాదంతో నేలను మెల్లగా నొక్కుతున్నారు.