విరిచిన బెండకాయలు

వరంగల్‌ నుంచి కేసముద్రం వెళ్లే బస్సులో నా పక్కన ఒక పెద్దామె కూర్చుంది. ఆమె గంపలో అడుగున కొన్ని బెండకాయలు మిగిలి ఉన్నాయి. అన్నింటికీ కొసలు విరిగి ఉన్నాయి.

"ఏమైందవ్వా వీటికి?" అని అడిగాను.

"లేతయా ముదురా అని ఇరిచి చూస్తరు బిడ్డా. చూసి పోతరు. ఇరిచినయి ఇంకోళ్లు కొనరు. తెల్లారంగ తెంపినయి, ఇగ మా బర్రెకే."

ఆ పొద్దున నేను వరంగల్‌ మట్టెవాడలో ఒక కూరగాయల గంప ముందు కూర్చుని నాలుగు కాయలు విరిచాను. ఏమీ కొనకుండానే లేచి వచ్చాను. ఆ గంప ఈమెదేనేమో కూడా చెప్పలేను. అమ్మేవాళ్ల మొహం చూసే అలవాటు నాకు లేదు.

ఆమె నా ఒళ్లో ఉన్న సూపర్‌మార్కెట్ ప్యాకెట్ వైపు చూసింది. అందులోనూ బెండకాయలే.

"ఇవి ఏడ పండినయి?"

"తెలియదవ్వా."

"ఇరిచి చూడనిచ్చిండ్రా?"

"లేదు."

"మరెట్ల కొన్నవ్ బిడ్డా?"

అందులో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. నేను కిటికీ వైపు తిరిగాను.

దిగేముందు ఆమె రెండు గుప్పిళ్ల కాయలు నా సంచిలో వేసింది. "మంచిగ లేతగున్నయి, వండుకో" అంది.

ఇంటికెళ్లి రెండు రకాలూ వండాను. ప్యాకెట్‌లోవే పీచుపీచుగా ఉన్నాయి.

ఇప్పటికీ గంప ముందు కూర్చుంటే నా వేళ్లు కొసల మీదికే పోతాయి. కాకపోతే విరిచిన కాయ ముదురైనా సరే, నా సంచిలోకే వస్తుంది.