కంపెనీ సీసాలో సర్కారు గోళీలు

మందుల షాపులో గోళీల పట్టీని కత్తెరతో కోస్తుంటే కరకరమని ఒక చప్పుడు వస్తుంది. మొన్న బీపీ గోళీలకు పోయినప్పుడు షాపు అబ్బాయి ఆ చప్పుడు మధ్యలో ఆపి, గట్టిగా అడిగాడు: "అమ్మా, కంపెనీది ఇయ్యాల్నా, జనరిక్‌ది ఇయ్యాల్నా?" వెనక జనం నిలబడి ఉన్నారు. నా చెవులు వేడెక్కాయి. మనవరాళ్లకు పెళ్లిళ్లయిన మనిషిని, ఇంకా ఈ మాటకు తల దించుకుంటాను. "జనరిక్‌దే" అన్నాను, గొంతు తగ్గించి. అతనికి వినపడక మళ్లీ అడిగాడు. అప్పుడు గుర్తుకొచ్చింది రహీంబీ అక్క. ఆమే పక్కనుంటే, నా బదులు బజారంతా వినేట్టు జవాబు చెప్పేది.

రహీంబీ అక్క కాశిబుగ్గలో మా పక్కింటి మనిషి. బొంతలు కుట్టేది. డెబ్బైల చివర్లో నేను మా అత్తింటికి కొత్త కోడలిని. మా ఆయన మగ్గం మీద జంపఖానాలు నేసేవాడు, నేను నూలు కండెలు చుట్టేదాన్ని. నాకు దగ్గు పట్టుకుంటే పత్తి దుమ్ము అనుకున్నాం. ఒకరోజు కొంగులో నెత్తురు పడింది. చౌరస్తా దగ్గరి డాక్టరు చూసి టీబీ అన్నాడు. ఆ పేరు మా ఇంట్లో ఎవరూ నోటితో అనలేదు. నా కంచం, నా గిలాస మాత్రం వంటింట్లోంచి అరుగు చివరికి వచ్చాయి. మా అత్త నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

మా వాడలో ఒక పద్ధతి ఉండేది. రోగిష్టిని చూడవచ్చినవాళ్లు ముందు చూసేది మనిషిని కాదు, గూట్లోని మందు సీసాను. రంగుల కాగితం అంటించిన సీసా కనిపిస్తే "కొడుకు మంచిగ చూస్తాండు" అనేవాళ్లు. సర్కారు దవాఖాన కాగితం పొట్లం కనిపిస్తే ఏమీ అనేవాళ్లు కాదు. ఆ అనకపోవడానికే ఇళ్లలో వాళ్లు భయపడేవాళ్లు. మా ఆయన కూడా మొదటి సీసా కంపెనీదే తెచ్చి గూట్లో పెట్టాడు. అది అయిపోయాక రెండోది రాలేదు. ఏడాదికి పైగా మింగాల్సిన మందు అది. ఆయన మగ్గం గుంటలో దిగి, నా వైపు చూడకుండా నేస్తూ కూర్చున్నాడు. నేనూ అడగలేదు. దగ్గు మళ్లీ ఎక్కువైంది.

గోడ అవతలి నుంచి అది విని రహీంబీ అక్క వచ్చింది. తనకూ అదే జబ్బని, సర్కారు దవాఖానలో ఊరికే మందిస్తారని చెప్పి, చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది. బల్ల మీద వరుసలో కూర్చోబెడితే నేను కొంగు మొహం నిండా కప్పుకున్నాను. వరుస ఆ చివర నుంచి ఆమె అరిచింది.

"ఏందే సరోజనా, పెండ్లిపిల్ల లెక్క ముసుగేసుకున్నవ్? లోపటున్నాయన తాళి కడ్తడనుకున్నవా, గోళీలిస్తడు!"

అందరూ నవ్వారు. నాకు ఏడుపొచ్చింది. "ఇంక నేను రాను" అన్నాను.

"రాకు. నీ దగ్గును తోలియ్యి, అది తెచ్చుకుంటది."

నాకు మాత్రం ఆ తెల్ల గోళీల మీద నమ్మకం లేదు. ఊరికే ఇచ్చేది ఏం పని చేస్తుందని. రహీంబీ అక్క అది కనిపెట్టి, నన్ను లాక్కుపోయి డాక్టరమ్మ ముందు నిలబెట్టింది. "అమ్మా, దీనికి షాపుల గోళీ పెద్దది, మన గోళీ చిన్నదని పిచ్చి. జర చెప్పుండ్రి." డాక్టరమ్మ విసుక్కోకుండా చెప్పింది, పేరు కంపెనీది, లోపలున్న మందు ఒకటేనని, కానీ మధ్యలో ఆపితే ఏదీ పని చెయ్యదని. అలాగని ఇచ్చినదల్లా కళ్లకద్దుకునే రకం కాదు రహీంబీ అక్క. ఒక వానాకాలం గోళీలు చెమ్మ పట్టి పిండిలా రాలుతుంటే, పొట్లం తిరిగి పట్టుకుపోయి "సర్కారుదైతే పాడైంది తినాల్నా?" అని కొట్లాడి వేరేవి తెచ్చింది.

ఆ గోళీలను నేను ఇంటికి తెచ్చి ఖాళీ కంపెనీ సీసాలో పోసేదాన్ని. మా ఆయనే అలా చెయ్యమన్నాడు. "అమ్మకు ఎర్క గావద్దు" అన్నాడు. మా అత్త చదువుకోనిది, నేనూ అంతే. సీసా ఎప్పటికీ అడుగంటకపోవడం చూసి ఆమె కొడుకుని చూసుకుని మురిసేది.

అప్పుడు పరకాల నుంచి మా ఆడబిడ్డ, ఆమె భర్త మల్లయ్య అన్న నన్ను చూడవచ్చారు. మా అత్త గూట్లోంచి సీసా దింపి చేతికిచ్చింది. "సూడు అల్లుడా, కంపెనీ మందు. సర్కారు గోళీలు తినే గతి మా కోడలికి పట్టలే." మల్లయ్య అన్న సీసాను అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆయనకూ కొన్నాళ్లుగా దగ్గు. "ఇంత మంచి మందైతే నాకూ ఇన్ని ఇయ్యరాదు అత్తా, ఈ దగ్గు ఇడుస్తలేదు" అన్నాడు. "తీస్కో అల్లుడా, నా కొడుకు మళ్ల తెస్తడు" అని ఆమె అనడమే ఆలస్యం, దస్తీ పరిచి సీసా వంచాడు. వచ్చే వారం వరకు నేను మింగాల్సిన గోళీలు అవి. ఆయన జబ్బేమిటో ఆయనకే తెలియదు. ఆపాలంటే నిజం చెప్పాలి. లోపల మగ్గం చప్పుడు ఆగిపోయింది. మా ఆయన విన్నాడు, బయటికి రాలేదు.

సూది అడగడానికి వచ్చిన రహీంబీ అక్క గడప దగ్గర నిలబడి అంతా చూసింది. "ఆగు తమ్మీ! అది దగ్గు మందు గాదు, టీబీ మందు. కంపెనీది గూడ గాదు, సర్కారుది" అంది. తన కొంగు ముడి విప్పి, తన గోళీలు దస్తీలో వాటి పక్కన పెట్టింది. "సూస్కో. నాయి గూడ గవ్వే. నేనూ అదే రోగపుదాన్ని."

"మా ఇంటి ఇజ్జత్ తీసినవ్ గదనే" అని మా అత్త లేచింది.

"ఇజ్జత్ సీసాల ఉంటదా పెద్దమ్మా? గీ పిల్ల సగం గోళీలు మింగి సగం ఇడిస్తే సస్తది."

అప్పుడు మా ఆయన మగ్గం గుంటలోంచి లేచి వచ్చాడు. తన అక్కాబావల ముందు నిలబడి అన్నాడు, "అమ్మా, నాకు మందు కొన చాతగాలే." అంతే. జబ్బు వచ్చినందుకు పడిన సిగ్గు, దవాఖాన బల్ల మీద పడిన సిగ్గు ఒక లెక్క కాదు. ఆ మనిషి నా కోసం ఆ మాట అనాల్సి వచ్చినప్పుడు, గోడలోకి దూరిపోదామనిపించింది. రహీంబీ అక్క మీద నాకు కోపమే వచ్చింది, ఆ పూట. మా అత్త వంగి, గోళీలను ఒక్కొక్కటే ఏరి సీసాలో వేసింది. మర్నాడు పొద్దున మింగమని నీళ్లు తనే తెచ్చింది, వంటింటి గిలాసలో.

నా జబ్బు పూర్తిగా నయమైంది. రహీంబీ అక్కకూ నయమై, తర్వాత ఎన్నో ఏళ్లు బతికింది. ఎనభైలలో మా వాడలో వయోజన విద్య క్లాసు పెడితే, పిల్లల తల్లినై పలక పట్టుకుని కూర్చున్నాను. దవాఖాన బల్ల మీద కూర్చున్నదాన్ని, అక్కడ కూర్చోవడానికేం? అక్షరాలొస్తే సిగ్గు పోతుందనుకున్నాను. పోలేదు. మందు పట్టీల మీద ఉండేది ఇంగ్లీషు, నాకు వచ్చింది తెలుగు. అందుకే ఇప్పటికీ అడిగే తెలుసుకుంటాను. నన్నెవరైనా అడిగితే ఒకటే చెప్తాను. కంపెనీ పేరుకు ఎక్కువ పెట్టి మధ్యలో ఆపకు. డాక్టరును అడుగు, అదే మందైతే తక్కువలో తెచ్చుకో, చివరిదాకా మింగు.

నాకు నయమైన కొన్నాళ్లకు మల్లయ్య అన్న ఒకరోజు తెల్లారకముందే పరకాల నుంచి ఒక్కడే వచ్చాడు. చిక్కిపోయి ఉన్నాడు. ఇంట్లోకి రాకుండా పెరటి వైపు నిలబడి, "చెల్లె, ఆ సర్కారు దవాఖాన యాడుంది?" అన్నాడు. అటూ ఇటూ చూసి, "జనం లేసేటాల్లకు పోయొద్దామా?" అన్నాడు. ఆయన కళ్లు నేలమీద ఉన్నాయి. రహీంబీ అక్క అయితే ఏదో ఒకటి అని నవ్వించేది. నాకు ఆ నోరు లేదు. "దవాఖాన అంత జల్ది తెరువరు అన్నా, అన్నం తిని పోదాం" అన్నాను. ఎండెక్కాక బజారు గుండానే బయలుదేరాం. తల ఎత్తుకుని నడిచానంటే అబద్ధం. తెలిసినవాళ్లు ఎదురైన ప్రతిసారీ ఒళ్లు ముడుచుకుపోయింది. "యాడికే సరోజనా?" అని ఒకామె అడిగింది. పక్కన మల్లయ్య అన్న ఊపిరి బిగపట్టాడు. "దవాఖానకు. నా గోళీలకే" అన్నాను. నా గోళీలు ఎప్పుడో అయిపోయాయి. కొంగు మాత్రం మొహం మీదికి లాక్కోలేదు.

ఆ తర్వాత ఎంతమందిని తోడు తీసుకుపోయానో లెక్క పెట్టలేదు. ప్రతిసారీ సిగ్గయింది. ప్రతిసారీ పోయాను.