కాకి ఎవరి మాటకు వచ్చింది

ఆ రోజుల్లో "ఏం చదువుతున్నావు?" అని ఎవరైనా అడిగితే నా గుండె గుభేలుమనేది. బరంపురంలో మా వాళ్ల దృష్టిలో డాక్టరు చదువొక చదువు, బి.కాం. ఒక చదువు. నేనేమో యూనివర్సిటీలో జంతుశాస్త్రం ఎమ్మెస్సీ, అందులోనూ కాకులకూ మనుషులకూ ఉన్న సంబంధం మీద ప్రాజెక్టు. ఒడియా మిత్రులు నన్ను "కాఉ బాబు" అనేవారు (కాఉ అంటే కాకి, బాబు మర్యాద కోసం). లంజిపల్లిలో మా మేడ మీద నాయనమ్మ రోజూ అన్నం పెట్టే కాకులుండగా వేరే కాకులెందుకని, వల వేసి ఒకదాన్ని పట్టి, కాలికి ఎర్ర రింగు తొడిగి వదిలాను. మర్నాటి నుంచి నేను మేడ ఎక్కితే చాలు, ఆ కాకి బంధువర్గంతో సహా వచ్చి నా నెత్తిన తన్నేది. కాకులు మనిషి ముఖాన్ని గుర్తుపెట్టుకుంటాయని సారు చెబితే రాసుకున్నాను గాని, ఆ ముఖం నాదే అవుతుందని అనుకోలేదు. నెత్తిన స్టీలు గిన్నె బోర్లించుకునే పరిశోధన సాగించాను.

సరిగ్గా అప్పుడే తాత సంవత్సరీకం వచ్చింది. మేడ మీద పెట్టిన పిండం కాకి ముట్టాక గాని మా ఇంట్లో ఎవరికీ విస్తరి వేయరు. "కాకుల సదువు సదువుతున్నావు కదా, నువ్వే పిలువు," అని నాన్న ఆకు నా చేతికిచ్చాడు. పిలిచాను (ఎమ్మెస్సీ స్థాయిలోనే పిలిచాను). కాకులన్నీ ఎదురింటి పిట్టగోడ మీద బారులు తీరి నన్ను తిట్టాయే తప్ప ఒక్కటీ దిగలేదు. కింద చుట్టాల కడుపులు మాడుతున్నాయి.

"నాన్నకేదో కోరిక ఉండిపోనాది," అన్నాడు చిన్నాన్న. తాత కోరికేమిటో అందరికీ తెలుసు. నేను మా చింతపండు కొట్లో కూర్చోవాలని.

"కోరికా లేదు, ఏటీ లేదు సిన్నాన్నా. కాకులు నన్ను గుర్తుపట్టీసినాయి."

"కాకులు గుర్తుపట్టడమేటిరా? పట్టింది మీ తాత!"

నేను కిందికి వెళ్తే వస్తాయో రావో చూడండని గబగబా మెట్లు దిగాను. చివరి మెట్టు మీద కాలు పెట్టానో లేదో, పైనుంచి నాన్న గొంతు వినిపించింది: "నాన్నా, ఈడి సదువు మానిపించీసి కొట్లో కూకోబెడతాను, ఒచ్చి ముట్టు!" వెంటనే రెక్కల చప్పుడు. నా సిద్ధాంతమూ నిజమైంది, చిన్నాన్న సిద్ధాంతమూ నిజమైంది, కాకి మాత్రం ఒకటే (కాలికి ఎర్ర రింగు కూడా ఉందట). పోయినవాళ్లకిచ్చిన మాట తప్పే వంశం కాదు మాది. నా ఎమ్మెస్సీ పిండంతో పాటే పోయిందనుకున్నాను. భోజనాల దగ్గర నిజంగానే ఏడుపొచ్చింది.

గోడకానుకుని కూర్చున్న నాయనమ్మ నాన్న వైపు చూసి చాలా మామూలుగా అంది: "అప్పుడే నాను కూడా మీ నాన్నకి మనసులో ఒక మాట సెప్పినాన్రా, మనవడి సదువు ఆపనివ్వనని. మరి కాకి ఎవుళి మాటకొచ్చినట్టు?"

నాన్న చెయ్యి విస్తట్లో ఆగిపోయింది. చిన్నాన్న పెరుగు అడిగాడు. నా చదువు ఊసు మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

జంతువుల ప్రవర్తన మీద పాఠాలు చెప్పీ చెప్పీ రిటైరయ్యాను. ఆవిడ నిజంగా మనసులో అనుకుందో, గారెలు వడ్డించే లోపు అల్లేసిందో నేనెప్పుడూ అడగలేదు. నాన్న తర్వాత ఆవిడ తద్దినం నా చేతికొచ్చింది. ఇప్పటి కాకులకు నా మీద ఏ పగా లేదు. అయినా ఆకు పెట్టి, మెట్ల మీదికి తప్పుకుని చాటుగా నిలబడతాను. కాకి కాస్త ఆలస్యం చేసిందంటే మాత్రం, ఈ ప్రొఫెసరు చుట్టూ చూసి, ఎవరూ లేరనుకున్నాక, "నాయనమ్మా, ఏటి కావాలో సెప్పు," అని మెల్లగా అడుగుతాడు.