హ్యాండ్‌బ్యాగ్‌లో పీత

మోరిస్‌విల్‌లో ఒక డెంటల్ క్లినిక్ రిసెప్షన్‌లో కూర్చుని, పళ్ళ నొప్పితో వచ్చినవాళ్ళ భయం పోగొట్టడం రాధారాణి ఉద్యోగం. ఇంటికొచ్చి మొగుణ్ణి భయపెట్టడం ఆవిడ సరదా. పాపం వేణుమాధవ్, పెళ్ళై ఇన్నేళ్ళయినా ప్రతిసారీ కొత్తగా మోసపోతూనే ఉన్నాడు.

మొన్న సెప్టెంబర్‌లో వాళ్ళు బీచ్‌కి బయల్దేరదామనుకున్న రోజుకి ముందురోజే తుఫాను వచ్చింది. ట్రిప్ క్యాన్సిల్ చేద్దామన్నాడాయన.

"తుఫాను వెళ్ళాకే వెళ్ళాలండీ. సముద్రం ఇల్లు దులిపి, ఉన్నవన్నీ బయట పడేస్తుంది," అని ఆవిడ కారెక్కి కూర్చుంది.

నిజంగానే ఒడ్డంతా సంతలా ఉంది. నాచు కుప్పలు, విరిగిన గవ్వలు, వాటి మధ్య కొంగల కొట్లాటలు. అందులో రాధారాణికి మూరెడు పొడవున్న వింత వస్తువొకటి దొరికింది. కాగితం బిళ్ళలు గుచ్చినట్టు, అచ్చం పాము వెన్నెముకలా ఉంది. చప్పుడు చేయకుండా తెచ్చి, కునుకు తీస్తున్న మొగుడి మెడలో వేసింది. ఆయన కుర్చీతో సహా ఇసకలో పడ్డాడు.

కుక్కతో నడుస్తున్న ఒక ముసలావిడ నవ్వి, అవి సముద్రపు నత్త గుడ్ల సంచులని చెప్పింది. ఒక బిళ్ళ చీల్చి అరచేతిలో దులిపింది. బియ్యపు గింజంత శంఖాలు బోలెడు రాలాయి. ఒక్కోటీ పెద్ద శంఖానికి అచ్చు నకలు. రాధారాణి వాటిని వేలితో కదిపి కదిపి చూసింది. ఆ హుషారులో కనబడిన పెద్ద శంఖాన్నల్లా ఏరి హ్యాండ్‌బ్యాగ్‌లో వేసుకుంది.

తిరుగు ప్రయాణంలో వంతెన దాటారు. ఫోన్ కోసం బ్యాగ్‌లో చెయ్యి పెట్టిందో లేదో, ఏదో వేలు పట్టుకుంది.

"ఏవండీ, కారాపండి. బ్యాగ్‌లో ఏదో ఉంది."

"ఉంటుంది. పామై ఉంటుంది," అన్నాడాయన రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

"ఒట్టండీ. కరిచింది."

"పొద్దున ఒకసారి పడ్డాను. చాలు."

రాధారాణి తన జీవితంలో మొదటిసారి నిజం చెబుతుంటే నమ్మేవాడు లేకపోయాడు. ఇంతలో ఒక శంఖం కాళ్ళు మొలిపించుకుని, బ్యాగ్ అంచెక్కి, గేర్ దగ్గరికి నడిచింది. ఖాళీ శంఖంలో కాపురం పెట్టిన పీత. వేణుమాధవ్ దాన్ని చూశాడు, పెళ్ళాం ఎర్రటి వేలు చూశాడు. కారు పక్కకి ఆపి, కడుపు పట్టుకుని నవ్వాడు.

"వెనక్కి పోదాం. దాని ఇల్లు అక్కడుంది," అంది ఆవిడ బుంగమూతితో.

వెనక్కి వెళ్ళారు. అల తగలగానే పీత ఎటూ చూడకుండా నీళ్ళలోకి చక్కాపోయింది. వేణుమాధవ్ ఇసకలోంచి ఏదో తీసి గుప్పిట మూశాడు.

"చెయ్యి చాపు, రాణీ."

"ఏముంది అందులో?"

"చాపితే కదా తెలిసేది."

ఆవిడ రెండు చేతులూ వెనక్కి దాచుకుంది. ఆయన అలాగే గుప్పిట చాపి, కారు దాకా వెంటబడ్డాడు.